ఎనభై ఎనిమిదో పేజీ

గ్రోషేర్ హోల్డింగ్ కంపెనీకి తొమ్మిదేళ్ళు. వచ్చే నవంబరులో దానికి డెబ్బై అయిదో పుట్టినరోజు చెయ్యాలని ఓస్లోలో నిర్ణయమైపోయింది.

ఇందులో వింతేమీ లేదని స్కార్‌వోగ్ షిప్‌యార్డులో అందరూ ఒప్పుకున్నారు. యార్డు పెట్టి డెబ్బై అయిదేళ్ళయింది. దాన్ని కంపెనీ కొనుక్కుంది. గొర్రెని కొన్నవాడికి బొచ్చు ఊరికే వచ్చినట్టు, యార్డుని కొన్నవాళ్ళకి దాని వయసు కూడా వచ్చింది. కంపెనీ అంటే ఓస్లోలో ఒక నాలుగో అంతస్తు, ఆరుగురు మనుషులు, ఒక తోలు సోఫా. ఆ ఆరుగురినీ తలకిందులుగా వేలాడదీసి దులిపినా ఒక్క సుత్తి రాలదు. కాగితం మీద మాత్రం వాళ్ళు 1928 నుంచీ ఓడలు కడుతున్నారు.

పుట్టినరోజంటే పుస్తకం వెయ్యాలి. ఆ తీరంలో అది ఆచారం. చేపల డబ్బాల కంపెనీ అయినా, తాళ్ళు పేనే కంపెనీ అయినా, యాభై నిండితే ఒక లావుపాటి పుస్తకం, డెబ్బై అయిదు నిండితే ఇంకా లావుపాటిది. ఎవరూ చదవరు. వెనక పేజీలు తిప్పి తమ పేరుందో లేదో చూసుకుని అలమరలో పెడతారు. స్కార్‌వోగ్‌లో గాలివానకి ఇళ్ళు ఎగిరిపోకుండా ఆపుతున్నవి ఈ పుస్తకాలేనని ఊళ్ళో ఒక అభిప్రాయం ఉంది.

పుస్తకం రాయడానికి ఓస్లో నుంచి వీల్దె అనే అమ్మాయి వచ్చింది. ఇరవై ఏడేళ్ళు, చరిత్రలో పట్టా, కొత్త రబ్బరు బూట్లు. పాత ఫోటోల్లో మనుషుల్ని గుర్తుపట్టి చెప్పడానికి ఆమెకి మాగ్నార్‌ని అప్పగించారు. మాగ్నార్ యార్డులో ఫోర్‌మన్. పదహారో ఏట చేరి నలభై ఏళ్ళుగా అక్కడే ఉన్నాడు. అతనికన్నా ముందునుంచీ ఉన్నది పెద్ద క్రేను ఒక్కటే. దానికి మాటలు రావు.

సోమవారం పొద్దున్నే ఇద్దరూ గీతల అటక మీద కూర్చున్నారు. ఒకప్పుడు ఓడ ఆకారాన్ని అసలు కొలతల్లో ఈ చెక్కనేల మీదే గీసేవాళ్ళు. మోకాళ్ళ మీద పాకుతూ, సన్నటి బద్దల్ని మేకుల మధ్య వంచి పట్టుకుని గీసేవాళ్ళు. కంప్యూటర్లొచ్చాక ఆ పని ఆగిపోయింది. గీతలు మాత్రం పొరలు పొరలుగా నేలమీద మిగిలాయి. వీల్దె రాతబల్ల సరిగ్గా ఒక పాత ఓడ ముక్కు మీద ఉంది.

"ఇదెవరు, మాగ్నార్ గారూ? ఈయన మొహం కనపడటం లేదు, వెనక్కి తిరిగి ఉన్నారు."

"యూస్టేన్. ఆ వీపు నేను చీకట్లో కూడా గుర్తుపడతాను. ఆ వీపుకి ముక్కు మీద కోపం."

వీల్దె రాసుకుంది. "మరి ఈ పొడుగాయన?"

"అతని పేరు రాయకమ్మా."

"ఎందుకని?"

"అరవై ఎనిమిదిలో మా ఆవిణ్ణి డ్యాన్సుకి పిలిచాడు."

"ఆవిడ వెళ్ళారా?"

"అందుకేగా రాయొద్దంటున్నాను."

వీల్దె నవ్వుతూ ఇంకో ఫోటో తీసి అతని ముందు పెట్టింది. అరవై ఒకటో నంబరు ఓడ వెనక భాగం, దాని కింద పన్నెండుమంది. 1979, ఏప్రిల్. చివర్లో టోపీ పెట్టుకుని, రెండు చేతులూ నడుం మీద ఆన్చుకుని ఒక వెల్డర్ నిలబడ్డాడు. మాగ్నార్ ఆ చేతుల్నే చూస్తూ ఉండిపోయాడు. అవి బాగున్నప్పటి చేతులు.

"ఈయన ఐలీఫ్ రొన్నెస్టా గారు కదూ? నాకు తెలుసు" అంది వీల్దె హుషారుగా. "ఈయన పేజీ రాసేశాను. ఎనభై ఎనిమిదో పేజీ. తారీకులవీ సరిగా ఉన్నాయో లేదో ఒకసారి చూసిపెడతారా?"

మాగ్నార్ జేబులోంచి కళ్ళజోడు తీశాడు. చొక్కా అంచుతో తుడిచాడు. తుడిచినదాన్నే మళ్ళీ తుడిచాడు. చదివాడు.

'1979 మే 10న అరవై ఒకటో నంబరు ఓడ అడుగు ట్యాంకులో గ్యాసు పేలి, పదిహేడేళ్ళుగా యార్డులో పనిచేస్తున్న వెల్డర్ ఐలీఫ్ రొన్నెస్టా తీవ్రంగా గాయపడ్డాడు. భోజన విరామంలో తన గ్యాస్ పైపుని ట్యాంకులోంచి బయటికి తియ్యకపోవడమే కారణమని విచారణలో తేలింది. ఈ అజాగ్రత్త తరవాత యార్డులో భద్రతా నియమాలు కట్టుదిట్టమయ్యాయి.'

"తారీకు కరెక్టే" అన్నాడు మాగ్నార్.

ఆ పైపు ఐలీఫ్‌ది కాదు. మాగ్నార్‌ది. ఆ సంగతి ఐలీఫ్‌కి తెలుసు, మాగ్నార్‌కి తెలుసు. ఇద్దరూ ఇరవై నాలుగేళ్ళుగా కోఆపరేటివ్ స్టోర్లో ఎదురుపడుతున్నారు, కాడ్ చేపలు పడుతున్నాయా లేదా అని మాట్లాడుకుంటున్నారు. కాడ్ చేపల గురించి ఆ ఇద్దరూ మాట్లాడుకున్నంతగా కాడ్ చేపలు కూడా మాట్లాడుకుని ఉండవు.

"ఇంకేమన్నా మార్చాలా?" అని అడిగింది వీల్దె.

మాగ్నార్ కాగితాన్ని తిప్పి బల్లమీద బోర్లించాడు. కాఫీ తెచ్చుకుంటానని లేచి వెళ్ళి, ఆ రోజుకి మళ్ళీ అటక ఎక్కలేదు.

మంగళవారమంతా అతను పనిలో ఉన్న కొత్త ఓడలో తిరిగాడు. ఓడ బాడీ రుమేనియాలో కట్టింది. రెండు వారాల కిందట టగ్గు లాక్కొచ్చి రేవులో కట్టేసింది. యార్డు చేసేదల్లా లోపల ఇంజన్లు, వైర్లు, మంచాలు పెట్టి, బయట రంగేసి, 'స్కార్‌వోగ్‌లో కట్టబడినది' అని ఇత్తడి పలక బిగించడం. మాగ్నార్ నుదుటి మీద దీపం పెట్టుకుని ట్యాంకు తరవాత ట్యాంకు దిగాడు. వెల్డింగ్ అతుకుల మీద బొటనవేలు ఆనించి పోనిస్తూ నడిచాడు. ప్రతి అతుకు పక్కనా రుమేనియా వెల్డరు తన నంబరు గుద్దిపెట్టాడు. ఎవరి తప్పు వాడి నంబరు మీద ఉంటుంది. మంచి పద్ధతి అనుకున్నాడు మాగ్నార్. ఆ ఆలోచన అతనికి నచ్చలేదు. నిచ్చెనెక్కి బయటికి వచ్చేశాడు.

భోజనాల బల్ల దగ్గర ఎలక్ట్రీషియన్ స్టైనార్ రొట్టెముక్కల మధ్య కాగితం జాగ్రత్తగా ఊడదీసి, మడతపెట్టి జేబులో వేసుకుంటున్నాడు. అతను ఒకే కాగితాన్ని ఎనభైల నుంచీ వాడుతున్నాడని ప్రతీతి.

"ఏం మాగ్నార్, పుస్తకంలో నేనున్నానా?"

"చూడలేదు."

"ఇరవై తొమ్మిదేళ్ళు వైర్లు లాగాను. ఆ పిల్లని ఒక్క మాట అడగవయ్యా. వెనకాల పేర్ల పట్టికలో లేకపోతే నేను ఇక్కడ పనిచేసినట్టా, తిని పోయినట్టా?"

"తిని పోయినట్టే" అన్నాడు పక్కనున్నవాడు. "సాక్ష్యం నీ జేబులోనే ఉంది."

అందరూ నవ్వారు. స్టైనార్ నవ్వలేదు. "నీకేంరా, నీ పేరు ఎటూ ఉంటుంది. నలభై రెండో నంబరు ఓడని రేవు గోడకి గుద్దింది నువ్వేగా. వెధవపని చేసినా పర్లేదు, పేరు పడాలి."

మాగ్నార్ సగం తిన్న రొట్టె చుట్టేసి లేచాడు.

బుధవారం పొద్దున అతను అటక ఎక్కేసరికి వీల్దె చలికి రెండు కోట్లు వేసుకుని టైపు చేస్తోంది. మాగ్నార్ ఆమె బల్లని పక్కకి జరిపాడు. మూలనున్న డబ్బాలోంచి సుద్దముక్క తీసుకుని, మోకాళ్ళ మీద కూర్చుని, పాత గీతల మీదే కొత్తగా గీయడం మొదలుపెట్టాడు. కొలబద్ద పెట్టలేదు. మూరలతో, జానలతో కొలుచుకుంటూ వెళ్ళాడు.

"ఏం గీస్తున్నారు?"

"ట్యాంకు. అరవై ఒకటి. అసలు కొలత. ఇటు రామ్మా, ఇక్కడ నిలబడు. ఇప్పుడు నువ్వు డెక్కు మీదున్నావు. ఇది పైనున్న మ్యాన్‌హోల్. మనిషి భుజం వాల్చి దూరితేగాని పట్టడు. ఇందులోంచి కింది గదిలోకి. అక్కణ్ణించి ఈ రెండో మ్యాన్‌హోల్లోంచి పక్క గదిలోకి. మేం ఇద్దరం ఇదిగో, ఈ చివర పనిచేస్తున్నాం. గ్యాసు సిలిండర్లు పైన డెక్కు మీద. అక్కణ్ణించి ఇక్కడికి పైపు నలభై మీటర్లు."

గోడకి చుట్టి ఉన్న పాత తాడు తీసి, ఒక కొస ఆమె చేతికిచ్చాడు. రెండో కొస నడుముకి చుట్టుకుని, యాభై ఆరేళ్ళ మనిషి, సుద్దతో గీసిన చిన్న చతురస్రంలోంచి భుజం వాల్చి, చుట్టూ లేని ఇనప గోడలకి తగలకుండా పాక్కుంటూ వెళ్ళాడు. వీల్దె నవ్వబోయి ఆగింది.

"గంట కొడితే పైపు బయటికి లాక్కెళ్ళాలి. అది రూలు" అన్నాడు అవతలి చివర నేలమీద కూర్చుని. "పైపుకి గుండుసూదంత బెజ్జం ఉన్నా చాలు, అరగంటలో ట్యాంకు నిండా గ్యాసు. తియ్యాలంటే నలభై మీటర్లూ చుట్టాలి, రెండు కంతల్లోంచి లాగాలి, పది నిమిషాలు. ఆ రోజు గురువారం."

"గురువారమైతే?"

మాగ్నార్ ఆమెని జాలిగా చూశాడు. ఓస్లో పిల్ల. "గురువారం దుంప ఉండలమ్మా. ఉప్పు మాంసంతో. పదకొండున్నరకి గంట, పదకొండూ నలభైకి గిన్నె ఖాళీ. నూట నలభైమంది ఉంటే నూట ముప్ఫైమందికి సరిపడా ఉండలు చేసేది ఆ వంటావిడ. ఈ ఊళ్ళో మనిషి చర్చి మానేస్తే ఊరుకుంటారు, గురువారం ఉండలు మానేస్తే డాక్టర్ని పిలుస్తారు. నేను పైపు వదిలేసి పరిగెత్తాను."

తాడు కొస వీల్దె చేతిలో బిగుసుకుంది.

"ఐలీఫ్ తన పైపు బయటికి తీశాడు. చుట్టాడు. కొక్కేనికి తగిలించాడు. ఉండలు దొరకవని తెలిసే చేశాడు. ఇంటి రొట్టె తిని, నాకంటే ముందు లేచి, పైపు మళ్ళీ లోపలికి తెచ్చుకుని కట్టరు వెలిగించాడు. అప్పటికి నేను రెండోసారి వడ్డించుకున్నది ఇంకా తింటున్నాను."

మాగ్నార్ నడుముకి చుట్టుకున్న తాడు విప్పాడు.

"కాలిపోయిన పైపులు రెండు దొరికాయి. లోపల మనిషి ఒక్కడే. రెండూ అతనివే అనుకుని రాసేశారు."

"మీరు చెప్పలేదా?"

"మొదటి వారం నోరు పెగల్లేదు. రెండో వారం మేనేజరు కాగితం మీద సంతకం పెట్టేశాడు. మూడో వారానికి ఆ అబద్ధం నాకంటే సీనియరైపోయింది." మాగ్నార్ లేచి మోకాళ్ళకంటిన సుద్ద దులుపుకున్నాడు. "అది రాయి. పైపు మాగ్నార్‌దని రాయి. నా ఇంటిపేరుతో సహా. నేను సంతకం పెడతాను."

ఆమె టైపు చేసింది. అతను నిలబడి చదివాడు, ఒక చోట 'మరచిపోయాడు' అని ఉంటే కొట్టించి 'వదిలేశాడు' అని పెట్టించాడు. కింద సంతకం పెట్టాడు. ఆమె అప్పుడే దాన్ని ఓస్లోకి ఫ్యాక్స్ చేసింది. కాగితం యంత్రంలోంచి అవతలికి జారుతుంటే మాగ్నార్ దాన్నే చూశాడు. తన లోపలినుంచి ఎవరో నలభై మీటర్ల పైపు లాగేసినట్టు అనిపించింది అతనికి. కిందికి దిగి ఆ మధ్యాహ్నమంతా ఎవరు ఏమన్నా నవ్వాడు. స్టైనార్‌కి భయం వేసింది.

ఇంట్లో సోల్‌ఫ్రిడ్ చేప ముక్కల్లోంచి ముళ్ళు తీస్తోంది. అతను నిలబడే ఉండి, కోటు కూడా విప్పకుండా చెప్పేశాడు. ఆమె ముళ్ళు తీయడం ఆపలేదు.

"అయితే నీకు కడుపులో పుండు లేదన్నమాట" అంది చివరికి.

"లేదు."

"ఉండలు పడవన్నావని ఇరవై నాలుగేళ్ళు ప్రతి గురువారం నీకు గంజి కాచి పోశాను."

"మంచి గంజి" అన్నాడు మాగ్నార్.

ఆమె కత్తి కింద పెట్టింది. "ఐలీఫ్‌కి చెప్పావా, ఇలా రాయిస్తున్నానని?"

"ఏం చెప్పేది? అతనికి తెలిసిందేగా."

"తెలియడం వేరు, వెళ్ళి చెప్పడం వేరు. పంటెక్కితే పన్నెండు నిమిషాల్లో అతని దీవి. పక్క దీవిలో పిల్లి నీళ్ళలో పడిందంటే తుఫాన్లో పడవేసుకుని పోతారు మీ మగాళ్ళు. ఒక మాట మాట్లాడి రమ్మంటే మాత్రం సముద్రం అడ్డం."

"పుస్తకం అచ్చయ్యాక పట్టుకెళ్ళి ఇస్తాను. చదువుకుంటాడు."

సోల్‌ఫ్రిడ్ అతన్ని చూసి, మళ్ళీ కత్తి అందుకుంది. "కోటు విప్పు" అంది.

గురువారం పదకొండూ పావుకి ఓస్లో నుంచి ఫోను. సమాచార విభాగం అధికారి ట్రూల్స్. వీల్దె మాగ్నార్‌ని అటక మీదికి పిలిపించి, ఫోను స్పీకర్లో పెట్టింది. ఆమె మొహం చూసి మాగ్నార్ కుర్చీలో కూర్చోకుండా బల్ల అంచున ఆనుకున్నాడు.

"మాగ్నార్ గారూ! నమస్కారం! మీ నిజాయితీ మా ఆరుగురినీ కదిలించేసింది" అంది స్పీకరు.

"ఊఁ."

"కాకపోతే ఇది పండగ పుస్తకం కదండీ. ఇన్నాళ్ళూ అది విచారణలో తేలిన సంగతి. మీరు చెప్పాక ఇప్పుడది తేలని సంగతి. తేలని సంగతులు మా లాయర్లకి పడవు."

"అయితే తేల్చి రాయండి. పైపు నాది."

"అలా రాస్తే ఇన్నేళ్ళూ కంపెనీ ఒక అమాయకుడి మీద తప్పు తోసిందని ఒప్పుకున్నట్టవుతుందండీ."

"కంపెనీ అప్పటికి పుట్టనే లేదుగా."

"డెబ్బై అయిదేళ్ళండీ మాకు" అంది స్పీకరు మర్యాదగా.

మాగ్నార్ బల్ల అంచు పట్టుకున్నాడు. "మరేం చేస్తారు?"

"ఆ పేరా తీసేశాం. ఫోటో కూడా తీసేశాం, దాని కింద పేర్లున్నాయి కదా, ఎవరైనా ఇదెవరని అడుగుతారు. పేజీ ఖాళీగా ఉండకూడదని మా బోర్డు ఫోటో ఒకటి వేస్తున్నాం. సోఫా మీద కూర్చున్నది. చాలా బాగా వచ్చింది."

"ఐలీఫ్ ఇంకెక్కడన్నా ఉన్నాడా పుస్తకంలో?" ఈ మాట అతను స్పీకర్ని కాదు, వీల్దెని అడిగాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. పదిహేడేళ్ళు పనిచేసిన మనిషి పేరు ఆమెకి దొరికిన కాగితాల్లో ఆ విచారణ కాగితం ఒక్కదానిమీదే ఉంది.

"అయితే పాతదే ఉంచండి" అన్నాడు మాగ్నార్. "నేనేం చెప్పలేదనుకోండి. తప్పు అతనిదే అని ఉన్నది ఉన్నట్టు వేసేయండి."

"విన్నది విననట్టు ఎలా అనుకుంటామండీ? మీ సంతకం మా దగ్గరుంది. అయినా ఫైళ్ళు పొద్దున్నే ప్రెస్సుకి వెళ్ళిపోయాయి. మీ సహకారానికి కంపెనీ తరఫున..."

వీల్దె ఫోను పెట్టేసింది. వేరే ఎవరైనా అయితే పెట్టి ఉండరు. ఉద్యోగం ఉంటుందో లేదో అన్నట్టు కాసేపు ఫోను వంకే చూసి, ముక్కు చీదుకుంది.

"నేను ఆయనకి ఫోన్ చేసి చెప్తాను, మాగ్నార్ గారూ. తప్పు నాది."

"వద్దు" అన్నాడు మాగ్నార్. "ఈసారి నేనే వెళ్తాను."

కింద పదకొండున్నర గంట కొట్టింది. కాంటీన్ వైపు నూట నలభైమంది బూట్లలో ఇప్పుడు మిగిలిన అరవైమంది బూట్లు పరిగెత్తాయి. నేలమీద సుద్దతో గీసిన ట్యాంకు అలాగే ఉంది. దాన్ని తొక్కకుండా చుట్టూ తిరిగి మాగ్నార్ మెట్లు దిగాడు.

శనివారం ఆకాశం దించిన మూతలా ఉంది. హెస్టోయ దీవిలో ఐలీఫ్ ఇంటివెనక దుంపలు తవ్వుతున్నాడు. అతని కుడిచేతి వేళ్ళు అరచేతిలోకి ముడుచుకుపోయి ఉంటాయి. గునపానికి తోలుపట్టీ బిగించి, ఆ పట్టీలోకి ముంజేయి దూర్చి, నడుముతో ఎత్తి నడుముతో దించుతున్నాడు. మాగ్నార్‌ని చూసి ఆగలేదు.

"గాలి తిరిగింది" అన్నాడు.

"తిరిగింది" అన్నాడు మాగ్నార్. "వానొస్తుందేమో."

"రాదు. రేపొస్తుంది."

వాతావరణం అయిపోయింది. మాగ్నార్ చేపల సంగతి ఎత్తబోయాడు గాని ఐలీఫే ముందు అందుకున్నాడు.

"ఏరా, నీకు చెప్పిందా ఆ ఓస్లో పిల్ల? ఆగస్టులో నాకు ఫోను చేసింది. ఎనభై ఎనిమిదో పేజీ. ఫోటోతో సహా. నాకు ఫోనులోనే చదివి వినిపించింది. 'పదిహేడేళ్ళుగా యార్డులో పనిచేస్తున్న వెల్డర్ ఐలీఫ్ రొన్నెస్టా' అని. రెండుసార్లు చదివించుకున్నాను."

"మిగతాది కూడా చదివిందా?"

"చదివింది."

"తప్పు నీదేనని ఉంది కదరా అందులో."

"ఉంటే?" ఐలీఫ్ గునపాన్ని నేలలో గుచ్చి నిలబడ్డాడు. "నేను కట్టిన ఓడలు ముప్ఫై ఒకటి. చివరిదాన్ని పోయినేడు తుక్కు చేశారట, రేడియోలో చెప్పారు. ముప్ఫై ఒకటిలో ఒక్కటీ నీళ్ళ మీద లేదు. పంటు మీద వచ్చే పోయే కుర్రాళ్ళు నన్ను గొర్రెలాయన అంటారు. ఇప్పుడందరికీ చెప్పేశాను, నవంబరులో చూసుకోండ్రా అని. మా అక్క రెండు పుస్తకాలు చెప్పిపెట్టింది, ఒకటి చదవడానికి, ఒకటి దాచడానికి." అతని మొహం విప్పారింది. "చేతులున్న ఫోటో అటగా. నా దగ్గర అలాంటిది ఒక్కటీ లేదు."

మాగ్నార్ వంగి, మట్టిలోంచి ఒక దుంప తీశాడు. బొటనవేలితో మట్టి రుద్దాడు. ఆ దుంప శుభ్రమైపోయింది. ఇంకా రుద్దాడు.

"ఆ పేజీ లేదు, ఐలీఫ్."

"ఏ పేజీ?"

"ఎనభై ఎనిమిది. తీసేశారు. ఫోటో కూడా. నేను... బుధవారం ఆ అమ్మాయికి చెప్పేశాను. పైపు నాదని. సంతకం పెట్టాను. దిద్ది రాస్తారనుకున్నాను. వాళ్ళు మొత్తం తీసేసి ఏదో సోఫా ఫోటో పెట్టారు. పాతదే ఉంచమని అడిగాను. ఉంచలేదు."

కంచె అవతల ఒక గొర్రె మేత ఆపి, మళ్ళీ మొదలుపెట్టింది.

"నిన్నెవరు అడిగారు?"

"ఎవరూ అడగలేదు."

"ఆ పైపు నీదని ఈ దీవిలో గొర్రెలన్నిటికీ తెలుసు. నేను వాటికి తప్ప ఎవరికీ చెప్పుకోలేదు." గొంతు పెంచలేదు అతను. "ఇరవై నాలుగేళ్ళు నోరు మూసుకున్నవాడివి, ఇంకో రెండు నెలలు మూసుకోలేకపోయావురా?"

మాగ్నార్ దుంపని బకెట్లో వేశాడు. చప్పుడు పెద్దగా వచ్చింది.

"క్షమించు" అన్నాడు. ఆ మాట అతని నోట అంతకుముందు ఎప్పుడూ రాలేదు. ఎలా పలకాలో కూడా సరిగా తెలియనట్టు, మధ్యలో విరిగింది.

"దేనికి? పైపుకా, పేజీకా?"

"రెండింటికీ."

"పైపుది ఎప్పుడో అయిపోయింది" అన్నాడు ఐలీఫ్.

పేజీ గురించి ఏమంటాడా అని మాగ్నార్ ఎదురుచూశాడు. ఐలీఫ్ ముంజేతిని పట్టీలోంచి బయటికి లాక్కుని, గునపం మాగ్నార్ వైపు వాల్చాడు. మాగ్నార్ కోటు విప్పి కంచెకి తగిలించి తవ్వడం మొదలుపెట్టాడు. ఐలీఫ్ మోకాళ్ళ మీద కూర్చుని, రెండు అరచేతుల అంచులతో దుంపల్ని దోసి బకెట్లోకి నెట్టాడు. రెండు చాళ్ళు అయ్యాయి. మూడోది అయింది. ఎవరూ మాట్లాడలేదు. చేపల గురించి కూడా.

పంటు వచ్చే వేళకి మాగ్నార్ కోటు అందుకున్నాడు. "వెళ్ళొస్తా."

ఐలీఫ్ మట్టిలోంచి తల ఎత్తకుండానే అన్నాడు: "మా అక్కకి నేను చెప్పుకుంటానులే. పంటు వాళ్ళకి మాత్రం..." అని ఆగిపోయాడు. బకెట్ హ్యాండిల్‌ని మోచేతి వంపులోకి తగిలించుకుని లేచి, ఇంటివైపు నడిచాడు.

పంటులో మూడు కార్లు, ఒక ట్రాక్టరు ఉన్నాయి. మాగ్నార్ కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు. గోళ్ళ నిండా మట్టి. టికెట్లు కొట్టే గుడ్మున్, పాతికేళ్ళవాడు, తోలుసంచి ఊపుకుంటూ వచ్చి పక్కన ఆనుకున్నాడు.

"మాగ్నార్ గారూ, మీరు యార్డు మనిషి కదా, ఒక సంగతి తేల్చండి. మా గొర్రెలాయన, ఐలీఫ్, కంపెనీ పుస్తకంలో ఉన్నానంటున్నాడు. ఆగస్టు నుంచీ చంపేస్తున్నాడు మమ్మల్ని. ఎనభై ఎనిమిదో పేజీ అట. కోతలా, నిజమా?"

మాగ్నార్ నీళ్ళ వైపు చూశాడు. అవతల యార్డు, క్రేను, రుమేనియా ఓడ చిన్నగా కనిపిస్తున్నాయి.

"నిజమే" అన్నాడు. "నేను చదివాను. పూర్తి పేరుతో ఉంది."

"ఫోటో కూడానా?"

"ఫోటో కూడా. అరవై ఒకటో నంబరు ఓడ ముందు. టోపీ పెట్టుకుని, చివర్లో, చేతులు నడుం మీద పెట్టుకుని నిలబడ్డాడు."

"అబ్బో! మేం ముసలాయన డప్పు కొట్టుకుంటున్నాడనుకున్నాం." గుడ్మున్ తల ఊపాడు. "అయితే ఒకటి కొని పంటులో పెట్టాలి. అందరూ చూస్తారు."

"కొనకు" అన్నాడు మాగ్నార్. "చాలా బరువు. పంటు మునిగిపోతుంది."

గుడ్మున్ పగలబడి నవ్వి, ఆ మాట ట్రాక్టరువాడికి చెప్పడానికి పరిగెత్తాడు. ట్రాక్టరువాడు కూడా నవ్వడం ఇంజన్ చప్పుడులోంచి వినిపించింది. మాగ్నార్ కమ్మీ వదల్లేదు. నవంబరుకి ఇంకా ఏడు వారాలుంది.